బలపరిచేవారు లేక

కర్టిస్ బ్రాటెన్ ఏ ప్రతిపాదన తెచ్చినా అది బల్ల మీదే చచ్చిపోవాలి. ఆ చలికాలమంతా నేను పట్టిన పట్టు అదొక్కటే. ముప్పై నాలుగేళ్ళు మూడో తరగతి పిల్లలకి కూడికలూ, తీసివేతలూ, క్షమించడమూ నేర్పిన మనిషిని. కూడికలూ తీసివేతలూ నాకు ఇప్పటికీ బాగానే వచ్చు.

అరవై ఎనిమిదేళ్ళ వయసులో, మోకాళ్ళు అరిగిపోయాక, మా ఊరు నార్బీలో స్కూలు బోర్డు ఎన్నికల్లో నిలబడ్డాను. పాపం, చదువు మీద ప్రేమతో నిలబడిందనుకుని ఊరంతా వోట్లేసింది. అనుకోనీ అని ఊరుకున్నాను. నేను నిలబడింది బ్రాటెన్ కోసం.

మా ఆయన ఓర్విల్ ఇరవై తొమ్మిదేళ్ళు ఏడో నంబరు స్కూలు బస్సు నడిపాడు. మూడేళ్ళ కిందట ఒక డిసెంబరు మధ్యాహ్నం మంచు తుఫాను ముంచుకొచ్చింది. ఎప్పటిలాగే గుట్ట దారిన పొమ్మన్నారు ఆఫీసు వాళ్ళు. ఓర్విల్ గుట్ట ఎక్కలేదు. కింద లుండ్ వాళ్ళ ఇంటి ముందు బస్సు ఆపి, పదకొండు మంది పిల్లల్నీ వాళ్ళ వంటింట్లో కూర్చోబెట్టి, గాలి తగ్గేదాకా మూడు గంటలపాటు కదల్లేదు. ఆ గుట్ట పక్కన బస్సు రేడియో పలకదు, తుఫానుకి లుండ్ వాళ్ళ ఫోనూ మూగబోయింది. ఊళ్ళో తల్లులు గుండెలు బాదుకున్నారు. పిల్లలు మాత్రం లుండ్ గారి భార్య పోసిన తీపి అట్లు తిని, మూతులు తుడుచుకుంటూ ఇళ్ళకి చేరారు.

ఆ పిల్లల్లో బ్రాటెన్ మనవరాలు ఒకతి. ఆయన అప్పుడు బోర్డు అధ్యక్షుడు. చెప్పిన దారి తప్పాడు, పిల్లల్ని చెప్పకుండా దాచాడు అని ఓర్విల్‌ని తీసేయించాడు. తీసేస్తే తీసేశాడు, తీసేసిన తీరు తలుచుకుంటే నాకిప్పటికీ కడుపు మండిపోతుంది. బోర్డులో మామూలు పనులన్నీ ఒక జాబితాగా రాసి, చర్చ లేకుండా ఒకే వోటుతో కానిచ్చేస్తారు. ఆ నెల జాబితాలో మూడోది పాల సరఫరా. ఐదోది నేలకి పూసే మైనం. నాలుగోది మా ఓర్విల్. ఏ ఒక్క సభ్యుడైనా "నాలుగోది పక్కకి తీయండి, మాట్లాడుకుందాం" అంటే చాలు, తీయాల్సిందే. ఒక్కడూ అనలేదు. పాలతోపాటు, మైనంతోపాటు ఇరవై తొమ్మిదేళ్ళు అయిపోయాయి.

ఆ తర్వాత ఓర్విల్ చర్చికి తప్ప ఊళ్ళోకి రావడం మానేశాడు. రొట్టె కావాలన్నా నలభై మైళ్ళు పోయి పక్క ఊళ్ళో కొనేవాడు. బాస్కెట్‌బాల్ ఆటలకి వచ్చేవాడు కాదు, చర్చిలో ప్రార్థన అవగానే కాఫీ తాగకుండా కారెక్కేసేవాడు. గ్యారేజీలో కూర్చుని, ఏ రోగమూ లేని ఇంజన్లు విప్పి మళ్ళీ బిగించేవాడు.

నేను నామినేషన్ వేసిన రోజు నా దగ్గరికొచ్చి నిలబడ్డాడు. "వాళ్ళ ఉద్యోగం నాకొద్దు, సోల్వే. వాళ్ళ మినిట్స్ పుస్తకంలో ఒక్క ముక్క రాయించు చాలు. ఆ రోజు నేను చేసింది తప్పు కాదని."

"రాయిస్తాను," అన్నాను.

"ఒట్టు?"

"ఒట్టు. అదీ బ్రాటెన్ నోటితోనే చెప్పించి రాయిస్తాను."

"ఎవరి నోటితోనైతే ఏముంది?" అన్నాడు. నాకు ఉంది. చాలా ఉంది.

బోర్డులో మేం ఐదుగురం. నేను, బ్రాటెన్, మందుల షాపు మార్లిస్, జుట్టు కత్తిరించే జోలీన్, పాడి ఆవుల డ్యారిల్. పాత సభ్యుల్లో మిగిలింది బ్రాటెన్ ఒక్కడే. నేను గెలిచిన నెలలోనే ఆయన అధ్యక్ష పదవి పోయి మార్లిస్‌కి వచ్చింది. మార్లిస్ గడియారం మనిషి. ఆరింటికి మొదలుపెడితే ఏడున్నరకి లేవాల్సిందే. జోలీన్, డ్యారిల్ ఇద్దరూ మూడో తరగతి నా దగ్గరే చదివారు. ఇప్పుడు వాళ్ళకి నలభై దాటాయి, డ్యారిల్‌కి బట్టతల కూడా వచ్చింది. అయినా సమావేశంలో బాత్రూముకి వెళ్ళాలంటే డ్యారిల్ నా వైపు చూస్తాడు.

నవంబరు సమావేశంలో అనుకోకుండా నా చేతికి ఆయుధం దొరికింది. స్కూలు లైబ్రరీలో, పిల్లల పొట్టి కుర్చీల్లో మోకాళ్ళు గడ్డానికి తగిలేలా కూర్చుని ఉన్నాం. ఆటల హాల్లో కొత్త స్కోరుబోర్డు పెట్టించాలని బ్రాటెన్ ప్రతిపాదించాడు. దాని కింద తన ట్రాక్టర్ల షాపు పేరు పెద్దక్షరాల్లో ఉంటుందట. సరిగ్గా అప్పుడే కాఫీ ఆవిరికి నా కళ్ళద్దాలు మసకేశాయి. తీసి బల్ల మీద పెట్టాను.

"బలపరిచేవారు?" అంది మార్లిస్.

ఏదో అనబోయిన డ్యారిల్ టక్కున నోరు మూసేశాడు. జోలీన్ తల దించుకుంది. మార్లిస్ అటూ ఇటూ చూసి, "బలపరిచేవారు లేరు కాబట్టి వీగిపోయింది. తర్వాతిది," అని చిన్న చెక్కసుత్తితో బల్ల మీద కొట్టింది. ఇంకొకరు బలపరచకపోతే మా దగ్గర చర్చా ఉండదు, వోటూ ఉండదు. అధ్యక్షురాలు తను బలపరచకూడదు. బ్రాటెన్ గొంతులో వెలక్కాయ పడ్డట్టు కూర్చుండిపోయాడు. ఆయన చెవులు ముందు కొసల్లో, తర్వాత మొత్తం, ఎర్రబడ్డాయి. ఎంత బావుందో చెప్పలేను.

ఆ శనివారం జోలీన్ దగ్గరికి జుట్టు కత్తిరించుకోడానికి వెళ్ళాను.

"ఆ స్కోరుబోర్డు మంచిదే కదే, ఎందుకు బలపరచలేదు?" అన్నాను ఏమీ ఎరగనట్టు.

"మీరు అద్దాలు తీశారు కదా, టీచర్‌గారూ!" అంది, దువ్వెన గాల్లో ఆపేసి.

"తీస్తే?"

"తీస్తే ఏంటండీ! మీరు అద్దాలు బల్ల మీద పెడితే ఎవరూ నోరెత్తకూడదు. మళ్ళీ పెట్టుకున్నాకే మాట్లాడాలి. మొన్న నా గొంతు దానంతటదే మూసుకుపోయింది. ఇంటికెళ్ళి మా ఆయనకి చెబితే పడీపడీ నవ్వాడు. ఆయనా మీ స్టూడెంటేగా, నవ్వీ నవ్వీ చివరికి, 'అవునే, నాకూ మూసుకుపోయేది' అన్నాడు."

నేను క్లాసులో ఏనాడూ అరవలేదు, కొట్టలేదు. అద్దాలు తీసి బల్ల మీద పెట్టేదాన్ని, అంతే. ముప్పై నాలుగేళ్ళలో సగం ఊరికి ఆ జబ్బు అంటించానని నాకప్పుడే తెలిసింది.

ఇక డిసెంబరు నుంచి చూడండి నా సామిరంగా! బ్రాటెన్ "ప్రతిపాదిస్తున్నాను" అనడం, నా అద్దాలు బల్ల ఎక్కడం. బస్సుల షెడ్డుకి కొత్త తలుపులు, వీగిపోయాయి. మధ్యాహ్నభోజనంలోకి స్థానిక గొడ్డుమాంసం, వీగిపోయింది. చివరికి స్కూలు ముందు జెండా కర్రకి రంగు వేయించాలన్నా వీగిపోయింది. అదే జెండా కర్రకి మర్నెల్లో డ్యారిల్ చేత అడిగించి రంగు వేయించాను.

జనవరిలో బ్రాటెన్ కిరాణా షాపు వరసలో నా వెనక నిలబడ్డాడు. చెవులమీదకి దిగిన టోపీ, చేతిలో కోడిగుడ్ల అట్ట.

"టీచర్‌గారూ, బయట మంచు పడుతోందని నేనన్నా మీ పిల్లలు బలపరచరనుకుంటా."

"పడుతోందా? చూసి చెప్తాను."

"చిన్నపిల్లల ఆటలు ఆడుతున్నారు. మీకింకా మూడో తరగతి అవలేదా?"

"కొందరికి ఏడాదిలో అవదు, కర్టిస్. మళ్ళీ కూర్చోవాల్సొస్తుంది."

వరసలో ఉన్నవాళ్ళు కిసుక్కుమన్నారు. ఆయన గుడ్ల అట్ట అక్కడే పెట్టేసి వెళ్ళిపోయాడు. ఇంటికొచ్చి, గ్యారేజీ గుమ్మంలో నిలబడి ఓర్విల్‌కి ఇదంతా అభినయించి చూపించాను. ఆయన స్పానరు తుడుచుకుంటూ విన్నాడు.

"నా ముక్క ఎంతవరకొచ్చింది?" అన్నాడు.

"వస్తుందయ్యా. వాణ్ణి ఇంకొంచెం ఉడకనీ."

"నీ చేతిలో ఇద్దరున్నారు. జోలీన్‌తో అనిపించి, డ్యారిల్‌తో బలపరిపిస్తే రేపే అయిపోతుంది కదా."

"జోలీన్ అంటే ఏం లాభం? తప్పు చేసినవాడు అనాలి."

"నీకు లాభం లేదేమో," అన్నాడు ఓర్విల్, మళ్ళీ ఇంజను మీదకి వంగుతూ. ఆ మాట నేను వినిపించుకోలేదు. వినిపించుకుని ఉంటే ఎంత బావుండేది!

ఫిబ్రవరి మూడోవారంలో రోడ్ల మీద మంచు గడ్డకట్టింది. ఏడో నంబరు బస్సుకి వచ్చిన కొత్త డ్రైవరు బుద్ధిమంతుడు. గుట్ట దారిన పొమ్మంటే పోయాడు. దిగే మలుపులో బస్సు జారి పక్క కాలవలో ఒరిగింది. దేవుడి దయవల్ల ఎవరికీ ప్రాణాపాయం లేదు. ఒక్క పిల్లకి మెడ కింది ఎముక విరిగింది. బ్రాటెన్ మనవరాలికి.

ఫోను పెట్టేసి ఓర్విల్‌కి చెప్పాను. చెప్పి, "తగిన శాస్తి," అన్నాను.

ఓర్విల్ సూప్ గిన్నెలో చెంచా వదిలేశాడు. "పిల్ల ఎముక విరిగింది, సోల్వే."

"పిల్లనన్నానా? వాణ్ణి అన్నాను."

"వాడి ఎముక విరగలేదు." లేచి వెళ్ళి కోటు తొడుక్కున్నాడు. మూడేళ్ళలో మొదటిసారి చర్చికి కాకుండా ఊళ్ళోకి వెళ్ళాడు, ఆస్పత్రికి. వచ్చాక ఏం జరిగిందో చెప్పలేదు, నేనూ అడగలేదు. నా మనసులో మాట చెప్పనా? ఆయన ఆ గుమ్మం తొక్కినందుకే నాకు ఒళ్ళు మండింది. మనం పళ్ళు నూరుకుంటూ కూర్చుంటే, ఈయన పూలగుత్తి పట్టుకుని వెళ్ళాడట!

మార్చి సమావేశం రోజు సాయంత్రం నేను లైబ్రరీలోకి వెళ్ళేసరికి మూడో వరసలో ఓర్విల్ కూర్చుని ఉన్నాడు. పెళ్ళిళ్ళకి వేసుకునే నీలం చొక్కా, ఒళ్ళో టోపీ. ఆయన స్కూలు గుమ్మం తొక్కి మూడేళ్ళు. నా గొప్ప చూడ్డానికి వచ్చాడనుకుని పొంగిపోయాను.

బ్రాటెన్ వంతు వచ్చింది. జేబులోంచి నాలుగు మడతల కాగితం తీశాడు. లేచి నిలబడ్డాడు. మా బోర్డులో ఎవరూ లేచి నిలబడరు.

"మూడేళ్ళ కిందట మంచు తుఫాను రోజున," అని చదివాడు, "బస్సు డ్రైవరు ఓర్విల్ ట్వైట్ చేసింది సరైన పని. అతన్ని తీసేయడం తప్పు. ఆ తప్పుకి ముఖ్యకారణం నేను. ఈ సంగతి బోర్డు మినిట్స్‌లో ఉన్నదున్నట్టు రాయాలని ప్రతిపాదిస్తున్నాను."

ఓర్విల్ వైపు చూశాను. ఆయన నా వైపు చూడట్లేదు. మార్లిస్ పక్కన తెరిచి ఉన్న మినిట్స్ పుస్తకం వైపు చూస్తున్నాడు, ఆకలేసినవాడు అన్నం వైపు చూసినట్టు. నా కళ్ళు నిండిపోయాయి. ఏమీ కనపడలేదు. అద్దాలు తీశాను.

"బలపరిచేవారు?" అంది మార్లిస్.

చెయ్యి సగం లేపిన జోలీన్ దాన్ని బల్ల కిందకి లాక్కుంది. డ్యారిల్ తల దించుకున్నాడు. అప్పుడర్థమైంది నాకు. నేను నా భర్త విషయంలో బలపరచడానికి వీల్లేదు. వాళ్ళిద్దరిలో ఒకరు అనాలి. అద్దాలు మళ్ళీ ముక్కు మీద పెట్టుకుంటే చాలు, ఇద్దరూ ఒకేసారి అనేస్తారు.

కళ్ళు తుడుచుకుని తలెత్తాను. ఎదురుగా బ్రాటెన్. కాగితం పట్టుకుని అలాగే నిలబడి ఉన్నాడు. చెవుల కొసలు ఎర్రబడుతున్నాయి. నా చేతిలో అద్దాల వైపూ, నా మొహం వైపూ మార్చిమార్చి చూస్తున్నాడు. బతిమాలుతున్నాడు. కర్టిస్ బ్రాటెన్ నన్ను బతిమాలుతున్నాడు, నిండు సభలో, నోరు మెదపకుండా. నేను మూడేళ్ళు రోజూ ఊహించుకున్న మొహం అదే. ఇంకొక్క క్షణం చూద్దాం అనుకున్నాను. మూడేళ్ళకి ఒక్క క్షణం ఎక్కువా?

"బలపరిచేవారు లేరు కాబట్టి వీగిపోయింది," అంది మార్లిస్. చెక్కసుత్తి బల్లకి తగిలింది.

"ఆగు, ఆగు మార్లిస్," అన్నాను అద్దాలు పెట్టుకుంటూ.

"అయిపోయింది, టీచర్‌గారూ. తర్వాతిది ఈత కొలను మరమ్మతు."

తల తిప్పేసరికి మూడో వరసలో కుర్చీ ఖాళీ. బ్రాటెన్ కాగితం మళ్ళీ నాలుగు మడతలు పెట్టాడు, కోటు తీసుకుని ఓర్విల్ వెనకే నడిచాడు. నేను కుంటుకుంటూ బయటికి వచ్చేసరికి వాళ్ళిద్దరూ బ్రాటెన్ ట్రక్కు దగ్గర నిలబడి ఉన్నారు. బ్రాటెన్ ఏదో చెబుతున్నాడు. ఓర్విల్ ఆయన భుజం మీద చెయ్యి వేసి వింటున్నాడు. ఇద్దరి నోళ్ళలోంచీ తెల్లటి ఆవిరి వస్తోంది.

"నువ్వు కార్లో వచ్చెయ్," అన్నాడు ఓర్విల్ నన్ను చూసి. "కర్టిస్ నన్ను దింపుతాడు."

ఇంటికొచ్చాక నేనే ముందు నోరు విప్పాను. "కన్నీళ్ళొచ్చి తీశాను, ఓర్విల్. నిజంగా. దేవుడి మీద ఒట్టు."

"నాకు తెలుసు. నేను చూశాను."

"మరి?"

"తీయడం చూశాను." చొక్కా గుండీలు ఒక్కొక్కటే విప్పుతున్నాడు. "పెట్టుకోడానికి ఎంతసేపు పడుతుంది, సోల్వే?"

నా దగ్గర ఉన్న జవాబు చెప్పేది కాదు. "వచ్చే నెల జోలీన్ చేత మళ్ళీ పెట్టిస్తాను," అన్నాను. "ఒక్క నెల. ఒకసారి వీగిపోయినా మళ్ళీ తేవచ్చు, రూలు ఉంది."

"వద్దు. ఆ గదిలో నా పేరు మళ్ళీ ఎత్తకు."

"నీకు కావాల్సింది అదే కదా!"

"కావాలి," అన్నాడు. "నీ చేత మాత్రం వద్దు."

గొడవపడలేదు, గిన్నెలు విసురుకోలేదు. మేం అలాంటివాళ్ళం కాదు. ఆయన చొక్కా హ్యాంగరుకి తగిలించి అల్మారాలో పెట్టాడు. మర్నాడు పొద్దున్నే లేచి, గ్యారేజీ వైపు పోకుండా, కారు తీసుకుని బ్రాటెన్ షాపుకి కాఫీకి వెళ్ళాడు. ఆ మర్నాడూ వెళ్ళాడు. ఇప్పటికీ వెళ్తూనే ఉన్నాడు. ఊళ్ళోనే రొట్టె కొంటున్నాడు, ఆటలకి వెళ్తున్నాడు, బ్రాటెన్ పక్కన కూర్చుని రిఫరీని తిడుతున్నాడట. మూడేళ్ళు నేను మోసిన శత్రువు మా ఆయనకి జతగాడయ్యాడు. ఇంట్లో నాతో మాట్లాడతాడు, లేదనను. ఉప్పు ఇటు ఇమ్మంటాడు, వాన వచ్చేట్టుందంటాడు.

పశ్చాత్తాపపడ్డావా అంటే పడ్డాను. కానీ అబద్ధం ఎందుకు, బ్రాటెన్ చెవులు ఎర్రబడడం గుర్తొస్తే నాకింకా లోపల ఎక్కడో చల్లగానే ఉంటుంది. ఆ చల్లదనం ఖరీదెంతో తెలిసినా సరే.

ఏప్రిల్‌లో మంచు కరిగి స్కూలు ముందంతా బురద. సమావేశంలో మొదటి అంశం ఎప్పుడూ కిందటి నెల మినిట్స్ ఆమోదించడమే. మార్లిస్ అందరికీ కాగితాలు పంచింది. రెండో పేజీ మధ్యలో ఉంది. "ఓర్విల్ ట్వైట్ చేసింది సరైన పని అని, ఆయన్ని తొలగించడం తప్పు అని మినిట్స్‌లో రాయాలని శ్రీ బ్రాటెన్ ప్రతిపాదించారు. బలపరిచేవారు లేక వీగిపోయింది."

"సవరణలేమైనా ఉన్నాయా?" అంది మార్లిస్.

రెండుసార్లు చదివాను. పేరులో అక్షరం తప్పు లేదు, వాక్యంలో దోషం లేదు. జరిగింది జరిగినట్టే ఉంది. ముప్పై నాలుగేళ్ళు ఎర్ర సిరాతో దిద్దిన దాన్ని, నాకు అక్కడ దిద్దడానికి ఏమీ దొరకలేదు.

"ఆమోదించాలని ప్రతిపాదిస్తున్నాను," అన్నాడు డ్యారిల్ గొణుగుతూ.

"బలపరిచేవారు?"

బ్రాటెన్ కిటికీలోంచి బురద వైపు చూస్తున్నాడు. జోలీన్ కళ్ళు నీళ్ళతో నిండి ఉన్నాయి, బల్ల మీదనుంచి చూపు ఎత్తలేదు. మార్లిస్ గడియారం చూసుకుంది. ఎవరో ఒకరు అనాలి.

"నేను బలపరుస్తున్నాను," అన్నాను.